పెరిగే లెక్కలు, తరిగే లెక్కలు: తొమ్మిదో తరగతి పాపతో సాధన ఎలా చేయించాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గుంటూరులో తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి నిరుడు చక్రవడ్డీ లెక్కలు చకచకా చేసేది. డాలస్‌లో ఉండే మీ అన్నగారి అబ్బాయి తన ఆల్జీబ్రా వర్క్‌షీట్ వాట్సాప్‌లో పంపితే సరదాగా మొదలుపెట్టింది, సగంలోనే టెన్షన్ పడి వదిలేసింది. ఘాతీయ వృద్ధి, ఘాతీయ క్షయం మీద, అంటే ప్రతిసారీ ఒకే సంఖ్యతో గుణిస్తూ పెరిగే, తరిగే లెక్కలవి. పాప చేసిన తప్పులు మూడు రాశారు. ఏటా 15 శాతం విలువ తగ్గే బండికి 0.15తో గుణించింది. 3 గంటలకోసారి రెట్టింపయ్యే బాక్టీరియా 12 గంటల్లో 2¹² రెట్లు అవుతుందని రాసింది. 20 శాతం పెరిగి 20 శాతం తగ్గితే మొదటి విలువే వస్తుందంది. ఇలాంటివే ఇంకో యాభై చేయించమని ట్యూషన్ మాస్టారు అన్నారు. చేయించాలా అని మీ ప్రశ్న.

ఇప్పుడే వద్దు. విజయవాడలో హైస్కూలు పిల్లలకు చాలా ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఈ పాఠంలో తడబడే పిల్లలకు ఒకే రకం లెక్కలు యాభై ఇస్తే చేయి వేగంగా ఆడుతుందే తప్ప, ప్రశ్న కాస్త మారగానే మళ్లీ అక్కడే ఆగిపోతారు. మీ అమ్మాయి తప్పులు మూడూ చూడడానికి వేర్వేరుగా ఉన్నా, లోపం ఒక్కటే. ఏ సంఖ్యతో గుణించాలి, ఆ గుణకారం ఎంతకాలానికోసారి జరుగుతుంది అనే రెండు ప్రశ్నలు వేసుకోకుండా నేరుగా సూత్రంలోకి వెళ్తోంది. ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ సూత్రం నేర్చుకున్నప్పుడు కుండలీకరణంలో (బ్రాకెట్లో) ఒకటి కలపడం, రేటును నూరుతో భాగించడం చేతికి అలవాటైంది. ఆ కుండలీకరణం మొత్తం కలిసి ఒకే ఒక సంఖ్య అనీ, ఏటా ఆ సంఖ్యతోనే గుణిస్తున్నామనీ ఎవరూ ఆపి చూపించలేదు. అందుకే అమెరికా వర్క్‌షీట్‌లో అదే సంగతి ‘వై ఈక్వల్స్ ఎ ఇంటూ బి పవర్ ఎక్స్’ అని కనపడగానే కొత్త పాఠంలా అనిపించింది. ఎ అంటే మొదటి విలువ, అంటే మన అసలు. బి అంటే ఆ గుణించే సంఖ్య. నేను దాన్ని గుణకం అంటాను. ఎక్స్ అంటే ఎన్నిసార్లు గుణించామో ఆ లెక్క. కొత్తది ఏమీ లేదు.

కాబట్టి మొదటి నాలుగైదు రోజులు కాగితం, పెన్ను పక్కన పెట్టించండి. సూత్రం కూడా వద్దు. శాతం చెబితే గుణకం చెప్పాలి, అంతే. రోజుకు పది నిమిషాలు, నోటితో. 5 శాతం పెరిగితే? 1.05. 50 శాతం పెరిగితే? 1.5. అర శాతం పెరిగితే? 1.005. ఇక్కడ చాలామంది 1.05 అనో 1.5 అనో అనేస్తారు, కాబట్టి ఈ మూడూ పక్కపక్కనే అడగాలి. 15 శాతం తగ్గితే 0.85. 4 శాతం తగ్గితే 0.96. మూడో వంతు తగ్గితే మూడింట రెండు. తర్వాత తిరగేసి అడగండి: గుణకం 1.32 అయితే ఏం జరిగింది? 0.7 అయితే? 3 అయితే? ఆఖరిదానికి పిల్లలు దాదాపు అందరూ 300 శాతం పెరిగింది అంటారు. మూడు రెట్లయింది అంటే పెరిగింది రెండు రెట్లే, అంటే 200 శాతం. 120 శాతం పెరిగితే గుణకం 2.2 అని తడుముకోకుండా చెప్పే రోజు వచ్చాక ముందుకు వెళ్లండి.

తగ్గే లెక్కలో ‘ఎంత పోయింది?’ అని ఎప్పుడూ అడగవద్దు. ‘ఎంత మిగిలింది?’ అని అడగండి. గుణకం అంటే మిగిలిన భాగమే. 0.15తో గుణిస్తే వచ్చేది పోయిన విలువ. లక్ష రూపాయల బండి ఒక్క ఏడాదికే 15 వేలకు పడిపోతుందా అని పాపనే అడగండి, తనే నవ్వి దిద్దుకుంటుంది. జవాబు నమ్మదగ్గట్టు ఉందా అని ఒకసారి వెనక్కి చూసుకోవడం ఈ పాఠంలో సగం తప్పుల్ని పట్టిస్తుంది.

20 పెరిగి 20 తగ్గే సంగతికి బీసెంట్ రోడ్డులో ఆషాఢం సేల్ బోర్డు చాలు. వెయ్యి రూపాయల చీర ట్యాగును 20 శాతం పెంచి 1,200 చేశారనుకోండి. దాని మీద 20 శాతం తగ్గింపు 240. చేతికి వచ్చేది 960కి. 1.2 × 0.8 = 0.96 కదా. పెంచినప్పటి 20 శాతం వెయ్యి మీద, తగ్గించినప్పటి 20 శాతం పన్నెండు వందల మీద. ముందు తగ్గించి తర్వాత పెంచినా 960 రూపాయలే వస్తుందని పాప చేత చేయించి చూపండి. ఆ తర్వాత ఒక ప్రశ్న వేసి వదిలేయండి: 20 శాతం తగ్గినదాన్ని మొదటికి తేవాలంటే ఎంత శాతం పెంచాలి? 0.8ను దేనితో గుణిస్తే 1 వస్తుంది? 1.25. అంటే 25 శాతం. ఆ జవాబు తనంతట తాను కనుక్కున్న పిల్ల ఇక ఈ తప్పు చేయదు.

ఇక రెండో ప్రశ్న, ఎంతకాలానికోసారి. దీనికి మన ఊళ్లలో దొరికే ఉదాహరణ ఏ పుస్తకంలోనూ లేనంత గొప్పది. ప్రామిసరీ నోటు మీద అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ. గుంటూరులో గానీ బెజవాడలో గానీ ఈ మాట వినని ఇల్లు ఉండదు. నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయలు తీసుకుని తొమ్మిదేళ్లు ఏమీ కట్టకపోతే బాకీ ఎంత అని పాపను అడగండి. ‘వడ్డీని అసల్లో ఎప్పుడెప్పుడు కలుపుతారో చెప్పకుండా ఎలా చేస్తాం?’ అని తను తిరిగి అడిగితే సంతోషించండి. అదే మీరు నేర్పాల్సింది.

వడ్డీని ఎప్పుడూ అసల్లో కలపకపోతే బారువడ్డీ. ఏటా 24 వేలు, తొమ్మిదేళ్లకు 2,16,000. మొత్తం 3,16,000. ఇది కూడిక లెక్క, ఏటా అదే మొత్తం కలుస్తుంది. కానీ ప్రామిసరీ నోటుకు చట్ట ప్రకారం కాలపరిమితి మూడేళ్లు. కాలదోషం పట్టకుండా ఆలోపు నోటు తిరగరాయించుకుంటారు, అప్పటిదాకా అయిన వడ్డీని కూడా అసలుగా రాయించుకోవడం మామూలే. అంటే మూడేళ్లలో లక్ష 1,72,000 అవుతుంది, కొత్త నోటు ఆ మొత్తానికి. మూడేళ్ల లోపల బారువడ్డీయే, కానీ మూడేళ్లకోసారి 1.72తో గుణకారం జరిగిపోతోంది. ఆరేళ్లకు 2,95,840. తొమ్మిదేళ్లకు 5,08,845. ఇక్కడ ఘాతాంకం 9 కాదు, 3. తొమ్మిదేళ్లలో మూడుసార్లే తిరగరాశారు కాబట్టి. ఏటా వడ్డీని అసల్లో కలుపుతూ పోతే గుణకం 1.24, తొమ్మిదిసార్లు, సుమారు 6,93,000. నెలనెలా కలిపితే గుణకం 1.02, 108 సార్లు, సుమారు 8,49,000. అదే లక్ష, అదే నూటికి రెండు, అదే తొమ్మిదేళ్లు. బాకీ మూడు లక్షల పదహారు వేల నుంచి ఎనిమిదిన్నర లక్షల దాకా మారింది. మారింది ఒక్కటే: గుణకారం ఎంతకాలానికోసారి పడుతుందన్నది.

ఈ నాలుగు జవాబుల్నీ పాప చేత క్యాలిక్యులేటర్‌తో చేయించి, ఒకే కాగితం మీద నాలుగు వరుసలుగా రాయించండి. ఒక సాయంత్రం మొత్తం దీనికే పోయినా పరవాలేదు. బాక్టీరియా లెక్క దానంతట అదే సరిపడుతుంది. 3 గంటలకోసారి రెట్టింపు అంటే నోటు 3 గంటలకోసారి తిరగరాసినట్టు. 12 గంటల్లో నాలుగుసార్లు. 2⁴, పదహారు రెట్లు. తను రాసిన 2¹² అంటే 4,096 రెట్లు. పదహారుకీ దానికీ ఎంత తేడా ఉందో చూడమనండి.

మీ అమ్మాయికి ఇంకా ఓపిక ఉంటే ఇంకొక్క అడుగు వేయించవచ్చు. మూడేళ్లకు 1.72 అయితే ఏడాదికి ఎంత గుణకం పడినట్టు? 0.72ను 3తో భాగిస్తే 0.24, కాబట్టి 1.24 అంటుంది. మూడుసార్లు గుణించి చూడమనండి, 1.9 దాటిపోతుంది. మరి ఎంత? 1.2 పెట్టి చూస్తే 1.728, కొంచెం ఎక్కువ. 1.198 దగ్గర సరిపోతుంది. ఘనమూలం అనే మాట చెప్పకుండానే అక్కడికి చేరుకుంటుంది.

ఇదే మెలిక జనాభా లెక్కల్లో ఇంకా బాగా కనిపిస్తుంది. 2001లో మన దేశ జనాభా 102.87 కోట్లు, 2011లో సుమారు 121.09 కోట్లు. పదేళ్ల గుణకం 1.177, అంటే పదేళ్లలో 17.7 శాతం వృద్ధి. ఏడాదికి ఎంత? పదితో భాగించి 1.77 శాతం అనేవాళ్లు పెద్దల్లోనూ ఉన్నారు. ఏడాదికి 1.0177తో పదిసార్లు గుణిస్తే 122.6 కోట్లు వస్తుంది. లేని మనుషులు కోటిన్నర మంది పుట్టుకొచ్చారు. సరైన వార్షిక వృద్ధి సుమారు 1.64 శాతం. శాతాల్ని భాగించకూడదు, గుణకానికి మూలం తీయాలి అని పదిసార్లు చెప్పడం కంటే ఆ కోటిన్నర ఒక్కసారి చూపించడం మేలు.

జనాభా లెక్కలతోనే ఇంకో మంచి సాధన ఉంది. 1951 నుంచి పదేళ్లకోసారి దేశ జనాభా, కోట్లలో: 36.1, 43.9, 54.8, 68.3, 84.6, 102.9, 121.1. ప్రతి సంఖ్యనూ దాని ముందు సంఖ్యతో భాగించమనండి. 1.22, 1.25, 1.25, 1.24, 1.22, 1.18 వస్తాయి. మధ్యలో కొన్ని దశాబ్దాలు గుణకం దాదాపు నిలకడగా ఉంది, ఆ కాలానికి ఘాతీయ వృద్ధి అనడం సబబే. ఆ తర్వాత గుణకం తగ్గుతూ వచ్చింది. 1971 వరకు మాత్రమే చూసి అదే గుణకంతో 2011కు అంచనా కడితే ఎంత వచ్చేదో చేయించండి. 54.8ని నాలుగుసార్లు 1.25తో గుణిస్తే దాదాపు 134 కోట్లు. అసలు లెక్క 121. గుణకం మారదని మనం అనుకున్నంత వరకే సూత్రం పనిచేస్తుందన్న సంగతి పాపకు ఇక్కడే తెలియాలి. పుస్తకంలో ‘ఇదే రేటున పెరిగితే’ అని రాసేది అందుకే.

ముందు సంఖ్యతో భాగించి చూడడం అన్నాను కదా, అది ఈ పాఠానికి ఆయువుపట్టు. సంఖ్యల వరుస ఇస్తే అది కూడికతో నడుస్తోందా, గుణకారంతో నడుస్తోందా చెప్పగలగాలి. 5, 8, 11, 14 కూడిక. 5, 8, 12.8, 20.48 గుణకారం. మొదటి రెండు పదాలు ఒకటే, మూడో పదం దగ్గర దారులు చీలాయి. అందుకే రెండు పదాలు చూసి తేల్చేయకూడదు. 80, 60, 45, 33.75 గుణకం 0.75తో తగ్గుతోంది. 1, 4, 9, 16 రెండూ కాదు, ఇలాంటి వరుస ఒకటి కూడా మధ్యలో పెట్టండి. పై తరగతుల్లో వచ్చే అంకశ్రేఢి, గుణశ్రేఢి ఇవే కాబట్టి ఈ శ్రమ వృథా పోదు. అక్కడి సామాన్య నిష్పత్తే మన గుణకం.

బండి విలువ తగ్గడం అనగానే ఘాతీయ క్షయం అని రాసేయకుండా ఉండడానికి బండి ఇన్సూరెన్స్ కాగితం చూపించండి. అందులో ఐడీవీ అని ఒక విలువ ఉంటుంది, బండి పూర్తిగా పోతే బీమా కంపెనీ లెక్కగట్టే విలువ అది. బండి వయసు ఏడాది నుంచి రెండేళ్ల లోపు ఉంటే తరుగు 20 శాతం, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. ఈ శాతాలన్నీ కొత్త బండి ధర మీదే. అంటే మిగిలేది 80, 70, 60, 50. ఏటా పది పది చొప్పున తీసివేత, అంటే గ్రాఫ్‌లో సరళరేఖ. ఆదాయపు పన్ను లెక్కల్లో మాత్రం కారుకు ఏటా 15 శాతం తరుగు, అదీ ముందు ఏడాది మిగిలిన విలువ మీద. లక్ష అయితే 85,000, తర్వాత 72,250, తర్వాత సుమారు 61,400. ఇది గుణకారం. ‘దేని మీద శాతం?’ అనే చిన్న ప్రశ్నతో రెండూ విడిపోతాయి.

ఒకే గ్రాఫ్ కాగితం మీద రెండూ గీయించండి. 100 నుంచి మొదలై ఏటా 20 చొప్పున తగ్గేది ఒకటి, ఏటా 20 శాతం తగ్గేది ఇంకొకటి. మొదటిది ఐదో ఏట సున్నా. రెండోది 80, 64, 51.2, 40.96, 32.77. ఎప్పుడు సున్నా అవుతుందని అడిగితే కాసేపు ఆలోచించి ‘అవదు’ అంటుంది. గీసేటప్పుడు చుక్కల్ని స్కేలుతో కలపనివ్వవద్దు, చేత్తో వంపుగా కలపాలి.

వంపు ఎందుకు ముఖ్యమో అర్ధాయువు లెక్కల్లో తెలుస్తుంది. అర్ధాయువు అంటే ఉన్నది సగానికి తగ్గడానికి పట్టే కాలం. థైరాయిడ్ చికిత్సలో వాడే అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు. 100 యూనిట్లు ఉంటే 8 రోజులకు 50, 16 రోజులకు 25. మరి 12 రోజులకు? 50కీ 25కీ సరిగ్గా మధ్యన 37.5 అంటారు పిల్లలు. గీసిన వంపు మీద 12 దగ్గర చూడమనండి, 35 పైన కొంచెం ఉంటుంది. 12 రోజులంటే ఒకటిన్నర అర్ధాయువులు, సగం ఘాతం అంటే వర్గమూలం, 0.5కు వర్గమూలం 0.707, కాబట్టి 50ని దానితో గుణించాలి. 35.4. రోజుకు గుణకం సుమారు 0.917, అంటే రోజుకు 8.3 శాతం చొప్పున తగ్గుతోంది. ఎనిమిది రోజుల్లో సగం కాబట్టి రోజుకు 6.25 శాతం అనుకుంటే, అది మళ్లీ జనాభా లెక్కలో చేసిన తప్పే. కార్బన్-14 లెక్క ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. 5,730 ఏళ్ల అర్ధాయువు, నాలుగో వంతు మిగిలితే 11,460 ఏళ్లు. ఒకటి చేయిస్తే చాలు.

ఒక జాగ్రత్త. టీ చల్లారడం కూడా ఘాతీయ క్షయమే అని ఎక్కడో చదివి పాప అడగవచ్చు. అవును, కానీ సగం సగం అయ్యేది టీ వేడి కాదు, టీకీ గదికీ మధ్య ఉన్న తేడా. గది 32 డిగ్రీలు, టీ 80 డిగ్రీలు ఉంటే తేడా 48. పది నిమిషాలకు ఆ తేడా సగమవుతుందని అనుకుంటే 24, అంటే టీ 56 డిగ్రీలు. ఇంకో పది నిమిషాలకు 44. అలా కాక 80, 40, 20 అని రాస్తే, బెజవాడ ఎండాకాలంలో టీ గది కంటే చల్లగా అయిపోతుంది! వంటింట్లో థర్మామీటర్ ఉంటే ఈ ప్రయోగం చేయించండి, పిల్లలకు చాలా ఇష్టం.

ఇప్పుడు లెక్కల సంగతి. మామూలుగా పుస్తకాలు మొదటి విలువ, రేటు, కాలం ఇచ్చి చివరి విలువ అడుగుతాయి. యాభై లెక్కలూ అవే అయితే పిల్ల నేర్చుకునేది క్యాలిక్యులేటర్ నొక్కడం. నేనైతే ఒకే సందర్భాన్ని నాలుగు వైపుల నుంచి అడుగుతాను. స్కూటర్ 90,000, ఏటా 12 శాతం తగ్గుతుంది, మూడేళ్లకు ఎంత? ఇది ముందుకు నడవడం. ఫోను విలువ ఏటా 15 శాతం తగ్గి ఇప్పుడు 14,450 ఉంది, రెండేళ్ల క్రితం ఎంత? ఇది వెనక్కి. ఇక్కడ 1.15తో రెండుసార్లు గుణించి 19,110 తెస్తారు. ఆషాఢం సేల్ లెక్క గుర్తున్న పిల్ల 0.85తో రెండుసార్లు భాగించి 20,000 తెస్తుంది. 40,000 మూడేళ్లలో 53,240 అయింది, ఏటా ఎంత శాతం? ఇది గుణకం కోసం వెతకడం. నాలుగోది కాలం కోసం వెతకడం, అదే అన్నింట్లోకీ కష్టం.

కాలం కనుక్కోవడానికి సంవర్గమానాలు (లాగరిథమ్‌లు) రావాలి కదా అంటారు. అక్కర్లేదు, ఇప్పుడు వద్దు కూడా. వేసి చూడనివ్వండి. పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్ర వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి 7.5 శాతం చేశారు, డబ్బు 115 నెలల్లో రెట్టింపు అని చెప్పారు. ఆ 115 ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోమనండి. 1.075ను తొమ్మిదిసార్లు గుణిస్తే 1.917. పదిసార్లయితే 2.061. తొమ్మిదేళ్లకీ పదేళ్లకీ మధ్య, సగం దాటాక. 72ను వడ్డీ శాతంతో భాగిస్తే రెట్టింపయ్యే కాలం దాదాపుగా వస్తుందనే చిట్కా అప్పుడు చెప్పండి. 72ను 7.5తో భాగిస్తే 9.6 ఏళ్లు, అంటే 115 నెలల పైన ఒక వారం. ముందే చిట్కా చెబితే దాన్నే సూత్రం అనుకుంటుంది. వేసి చూసి అలిసిన తర్వాత చెబితే అది ఎందుకు పనికొస్తుందో తెలుస్తుంది. చిట్కా మామూలు వడ్డీ రేట్లకే సరిపోతుందని కూడా చెప్పండి. 50 శాతం దగ్గర వాడితే ఒకటిన్నర ఏడాది కంటే తక్కువ అంటుంది, అసలు లెక్కలో రెట్టింపుకు సుమారు 1.7 ఏళ్లు పడుతుంది.

ఇంకో రెండు చిన్న తప్పులు. 200 × 1.05³ అని ఉంటే కొందరు ముందు 200ను 1.05తో గుణించి, వచ్చిన 210ని ఘనం చేస్తారు, 92 లక్షలు దాటుతుంది. ఘాతం ముందు, గుణకారం తర్వాత. రెండోది, పట్టిక వేసేటప్పుడు కాలాన్ని ఒకటి నుంచి మొదలుపెడతారు. సున్నా నుంచి మొదలుపెట్టాలి, సున్నా దగ్గర మొదటి విలువ ఉండాలి. దీంతో సున్నా కాని ఏ సంఖ్యకైనా సున్నా ఘాతం ఒకటి ఎందుకవుతుందో కూడా వేరే చెప్పకుండా అర్థమవుతుంది.

క్యాలిక్యులేటర్ ఇవ్వాలా అని అడిగారు. ఇవ్వండి, నిస్సంకోచంగా. 1.02ను 36సార్లు చేత్తో గుణించమంటే పాప ఈ పాఠాన్ని ద్వేషిస్తుంది. కానీ నొక్కే ముందు సుమారుగా ఎంత వస్తుందో ఒక అంచనా కాగితం మీద రాయాలి. అది తప్పినా పరవాలేదు.

రోజుకు ఎన్ని? నాలుగు చాలు, కానీ నాలుగూ నాలుగు రకాలు. పైన ‘వృద్ధి’ అనో ‘క్షయం’ అనో శీర్షిక ఉండకూడదు. మధ్యలో అసలు ఘాతీయం కానిది ఒకటి తప్పకుండా ఉండాలి. ప్రతి లెక్కకూ చేసే ముందు రెండు మాటలు రాయించండి: గుణకం ఎంత, ఎంతకాలానికోసారి. వారానికి ఒకరోజు లెక్కను పాపే తయారుచేసి మీకు ఇవ్వాలి, మీరు చేయాలి. అర్థం కాని పాఠంలో పిల్లలు ప్రశ్న తయారుచేయలేరు, కాబట్టి మీకు ఏ పరీక్షా పెట్టక్కర్లేకుండా తెలిసిపోతుంది. ఇవన్నీ నిలకడగా వచ్చాక మాస్టారు చెప్పిన యాభై చేయించండి, అప్పుడు అవి వేగానికి పనికొస్తాయి.

ఈ రాత్రికి ఇవ్వడానికి నాలుగు రాస్తున్నాను.

500 బాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంటే 2 గంటలకు ఎన్ని?

స్కానింగ్‌లో వాడే టెక్నీషియం-99ఎం అర్ధాయువు 6 గంటలు. 24 గంటలకు ఎంత భాగం మిగులుతుంది? ఒక శాతం కంటే తగ్గాలంటే ఎన్ని అర్ధాయువులు గడవాలి?

బెజవాడ రైవస్ కాలువలో ఒక మడుగును గుర్రపుడెక్క కమ్ముకుంటోంది, పది రోజులకోసారి రెట్టింపవుతోందని అనుకుందాం. ఈరోజు మడుగంతా నిండింది. నాలుగో వంతు ఎప్పుడు నిండి ఉంది? నూటికి ఒక వంతు మాత్రమే ఉన్నది సుమారు ఎన్ని రోజుల కిందట?

వెయ్యి లీటర్ల ట్యాంకు కారుతోంది. గంటకు 40 లీటర్ల చొప్పున పోతే పది గంటలకు ఎంత మిగులుతుంది? గంటగంటకూ అప్పటికి ఉన్న నీటిలో 4 శాతం చొప్పున పోతే ఎంత?

పైన మధ్యలో వదిలేసిన వాటితో కలిపి జవాబులు ఇవి. స్కూటర్ సుమారు 61,332 రూపాయలు. 40,000 నుంచి 53,240కి ఏటా 10 శాతం, గుణకం 1.331కి ఘనమూలం 1.1 కాబట్టి. బాక్టీరియా 32,000. టెక్నీషియం పదహారో వంతు. ఒక శాతం కంటే తగ్గడానికి ఏడు అర్ధాయువులు పూర్తవ్వాలి, ఆరు పూర్తయితే ఇంకా అరవై నాలుగో వంతు ఉంటుంది. గుర్రపుడెక్క నాలుగో వంతు 20 రోజుల కిందట, నూటికి ఒక వంతు 60, 70 రోజుల మధ్య. ట్యాంకులో మొదటి పద్ధతిలో 600 లీటర్లు, రెండో పద్ధతిలో సుమారు 665. ట్యాంకు లెక్కలో రెండు జవాబులూ ఒకటే వస్తే, మిగతావన్నీ సరిగ్గా ఉన్నా ముందుకు వెళ్లకండి. గంటగంటకూ ఎంత నీరు పోయిందో పది వరుసల పట్టిక వేయించండి, మొదటి గంటలో 40, రెండో గంటలో 38.4 అని తన చేత్తో రాయాలి.